ఏమున్నాయని అడగరాదు

మా ఆఫీసులో తోటివాణ్ణి తిట్టవచ్చు, కుర్చీలో కునుకు తీయవచ్చు, మధ్యాహ్నం భోజనానికి వెళ్లి మర్నాడు తిరిగి రావచ్చు. ‘ఏమున్నాయి?’ అని మాత్రం అడగకూడదు. ఒకసారి అడిగితే మెమో ఇస్తారు. రెండోసారి అడిగితే సంజాయిషీ రాయాలి. మూడోసారి అడిగినవాడు ఇంతవరకూ లేడు. రెండోసారి అడిగిన ఒకే ఒక్కడు, ‘సంజాయిషీలో ఏమేం ఉండాలండీ?’ అని అడిగి సస్పెండయ్యాడు.

ఈ నిబంధన ఎలా పుట్టిందో చెప్పాలంటే ముందు ఆఫీసు సంగతి చెప్పాలి. సుఖయాత్రా రవాణా సంస్థ బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులన్నీ చేరే చోటు అది. బోర్డు మీద ‘విస్మృత వస్తు సంరక్షణ విభాగం’ అని ఉంటుంది. జనం పోయిన సామాన్ల ఆఫీసు అంటారు. మనవాళ్లు బస్సులో మరిచిపోని వస్తువు లేదు. గొడుగులు, క్యారియర్లు సరే. కట్టుడు పళ్లు, రోకలి, పెళ్లిచూపులకు పట్టుకెళుతున్న మైసూర్‌పాకు, అన్నీ మా గోడౌనుకే వచ్చేవి. ఒకాయన అత్తగారిని మరిచిపోయాడు. ఆవిణ్ణి మేము లోపల పెట్టలేకపోయాము. ఆవిడే సాయంత్రం దాకా మమ్మల్ని బయట నిలబెట్టింది.

నేను అక్కడి ఉద్యోగిని కాను. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను కాంట్రాక్టు మీద పంపింది. ఈ వస్తువులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం రాయడం నా పని. అందరూ ‘ప్రోగ్రామరు గారూ’ అనేవారు. అసలు పేరు అడిగే ఓపిక ఎవరికీ లేదు.

నేను రాసింది చాలా చిన్న ప్రోగ్రాం. దాని పేరు ‘పెట్టె’. అందులో ప్రతి వస్తువుకూ ఒక కీ ఉంటుంది. కీ అంటే మరేం లేదు, ఆ వస్తువును పిలవడానికి మనం పెట్టుకున్న పేరు. ‘నల్ల గొడుగు’ అని కొడితే అది గోడౌన్లో ఏ అరలో ఉందో పెట్టె చెబుతుంది. ఇద్దరు మనుషులకు ఒకే పేరు ఉండవచ్చు గానీ పెట్టెలో రెండు వస్తువులకు ఒకే పేరు కుదరదు. అందుకని వస్తువులు ఎక్కించే గుమాస్తా పానకాలు రకరకాల పేర్లు పెట్టేవాడు. మొదటిది ‘నల్ల గొడుగు’ అయితే తర్వాతది ‘మరో నల్ల గొడుగు’. ఆ తర్వాతది ‘ఆ నల్ల గొడుగు కాదు ఇంకోటి’.

పెట్టెకు నేను మూడు పనులు నేర్పాను. పేరు పెట్టి వస్తువును దాచుకోవడం. పేరు చెబితే వస్తువును చూపించడం. ‘నీ దగ్గరున్న పేర్లన్నీ చెప్పు’ అంటే గడగడా చెప్పడం. ఈ మూడోది రాయడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. కొంప ముంచింది అదే.

ఆ రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్’ మీద శిక్షణకు ఒక అధికారిని పంపాలట. ఆబ్జెక్టులంటే వస్తువులు కాబట్టి, వస్తువుల శాఖ నుంచే వెళ్లాలని మా పెద్దలు తేల్చారు. ముఖ్య వస్తు సంరక్షణాధికారి చెన్నాప్రగడ విశ్వపతి గారు బెడ్డింగు కట్టుకుని వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక మాట వెంటబెట్టుకొచ్చారు. ఎన్‌క్యాప్సులేషన్.

వచ్చిన రోజే మీటింగు పెట్టారు.

“మిత్రులారా, వస్తు ప్రపంచపు పరమ రహస్యం నాకు అవగతమైనది. లోపలున్నది లోపలే ఉండవలెను. అడిగినదానికి జవాబు చెప్పవలెను. అడగనిదానికి ఆనవాలు సైతం ఇవ్వరాదు. దీనినే ఎన్‌క్యాప్సులేషన్ అందురు. పాశ్చాత్యులు ఇప్పుడు కనుగొన్నారు గానీ, మన సెక్షన్లలో ఇది చిరకాలంగా ఆచరణలో ఉన్నదే.”

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా పెట్టెను చూపించమన్నారు. మొదటి పనికి తల ఊపారు. రెండో పనికి చిరునవ్వు నవ్వారు. మూడో పని చూడగానే ఆయన చేతిలోని బిస్కెట్టు టీలో పడిపోయింది.

“అంటే, ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ‘ఏమున్నాయి’ అంటే ఈ యంత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా అన్నీ చెప్పేస్తుందన్నమాట!”

“దాని పనే అది సర్.”

“ఒక గృహస్థు ఇంటికి ఎవడో వచ్చి ‘మీ బీరువాలో ఏమున్నాయి’ అంటే చెబుతారా?” అని ఆయన అందరివైపూ చూశారు.

“చెప్పం సర్,” అన్నారు కౌంటర్ సూపరింటెండెంటు హైమావతి గారు. “వంటింట్లో ఏమున్నాయని మావారు అడిగినా నేను చెప్పను.”

“చూశారా! స్త్రీలలో ఇది స్వభావసిద్ధం.”

నేను ఊరుకోలేకపోయాను. “సర్, మన పానకాలు ఏ పేరుతో ఎక్కించాడో పోగొట్టుకున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?”

విశ్వపతి గారు జాలిగా చూశారు. “ప్రోగ్రామరు గారూ, తన వస్తువు పేరు తనకే తెలియనివాడు దానికి యజమాని ఎట్లా అవుతాడు?”

దీనికి నా దగ్గర సమాధానం ఉంది గానీ, అంతలో మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి.

మర్నాడు ఉత్తర్వు గోడకెక్కింది. ‘ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, విభాగమునందు గల వస్తువుల నామావళిని వెల్లడించుట, వెల్లడింపజేయుట, వెల్లడించుమని అడుగుట మరియు అడుగబోవుట నిషేధింపబడినవి.’ అడగబోయేవాణ్ణి ఎలా గుర్తుపడతారని నేను అనుమానపడ్డాను గానీ, హైమావతి గారు గుర్తుపట్టేవారు. ఎవరైనా ‘ఏ’ అని నోరు తెరిస్తే చాలు, మెమో పుస్తకం తీసేవారు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. పెట్టెలోంచి మూడో పని నాచేతే తీయించారు. నేను మళ్లీ చెయ్యి పెట్టకుండా ప్రోగ్రాం అసలు ప్రతిని అధికారిగారి గదిలోని అలమరాలో పెట్టి తాళం వేశారు. గోడౌన్లో వస్తువులు కళ్లబడితే గోప్యత ఏముంటుందని, దేన్నీ విప్పి చూడకుండా ఉన్నపళంగా అన్నిటినీ ఒకే సైజు గోతాల్లో పెట్టి కుట్టేశారు. చెప్పుదీ గోతామే, రోకలిదీ గోతామే. కంప్యూటర్ అర నంబరు చెబితే తప్ప గోతాం విప్పడానికి వీల్లేదు.

చివరికి పానకాలు మిగిలాడు. పేర్లన్నీ పెట్టినవాడు గనక, పేర్లన్నీ తెలిసిన ప్రమాదకరమైన వ్యక్తి అని తేల్చారు. అతని చేత ‘మరిచిపోయితిని’ అని ప్రమాణం చేయించి, శాలువా కప్పి, బస్సు కూడా సరిగ్గా వెళ్లని డిపోకు బదిలీ చేశారు. పాపం, శాలువాను ఆ బస్సులోనే మరిచిపోయాడట. అది మాకే వచ్చింది. ఏ పేరుతో ఎక్కించారో నాకు తెలియదు.

ఉద్దండు సాయిబు గారు వచ్చింది ఆ మరుసటి వారమే.

షేక్ ఉద్దండు సాయిబు గారు సన్నాయి విద్వాంసుడు. తెల్లచొక్కా, భుజాన జరీ కండువా, ఊది ఊది గట్టిపడిన బుగ్గలు. అంతకు పదిహేను రోజుల ముందు అద్దంకి నుంచి నరసరావుపేట వస్తూ బస్సులో సన్నాయి సంచి మరిచిపోయారు. కౌంటరు ముందు నిలబడి నమస్కారం పెట్టారు.

“అమ్మా, నా సన్నాయి మీకాడికి వచ్చిందంట. ఇప్పించండి తల్లీ.”

“కీ చెప్పండి,” అన్నారు హైమావతి గారు.

“కీ ఏందమ్మా? దానికి తాళం యాడిది? గుడ్డ సంచి. దుమ్ము పోకుండా మూతి కుట్టేసి ఉంటది. ప్రయాణానికి మేం అట్టాగే కుట్టుకుంటాం.”

“దాని పేరు చెప్పండి. నేను కొడతా. ఉంటే వస్తుంది.”

“సన్నాయి.”

ఆవిడ కొట్టారు. “లేదు.”

“నాదస్వరం అని కొట్టండి.”

“లేదు.”

“నాగస్వరం? మేళం? మంగళవాయిద్యం?”

లేదు, లేదు, లేదు. వెనక నిలబడ్డవాళ్లు సాయం చేయబోయారు. ఒకాయన పీపీ అని కొట్టమన్నాడు. ఇంకొకాయన బూర అన్నాడు. ఉద్దండు సాయిబు గారు గిర్రున వెనక్కి తిరిగారు.

“బూరా? మా గురువుగారు పోతా పోతా నా చేతిలో పెట్టింది బూరంటావా?”

ఆయన పక్కకు వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. నేను వెళ్లి పలకరించాను. వచ్చే నెల మొదటి గురువారం వినుకొండలో పెళ్లి. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి వీళ్ల మేళమేనట. ఈసారి పెళ్లికొడుకు డీజే కావాలంటే, పెద్దాయన ససేమిరా అని సాయిబు గారికే తాంబూలం ఇచ్చారు.

“వేరే సన్నాయి తీసుకోకూడదా బాబాయ్?” అన్నాను.

“ఇంకొకరి సన్నాయి మన ఊపిరికి పలకుద్దా నాయనా? ఆ చెక్క ఇన్నేళ్లుగా నా గాలి తాగి పెరిగింది. రేపు నేను పోలేదనుకో, ఆ ఇంటో డీజే పెడతారు. ఒక్కసారి ఆ డబ్బాలు గుమ్మంలోకి వచ్చినాక మళ్లీ సన్నాయిని పిలిచేది ఎవరు? ఆ ఇంటితో ఆగదు. ఆ వీధి, ఆ ఊరు...”

గోడ అవతలే ఉంది ఆయన సన్నాయి. ఏ గోతాంలో ఉందో పెట్టెకు తెలుసు. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో కూడా పెట్టెకు తెలుసు. ‘నీ దగ్గర ఏమున్నాయి’ అని ఒక్క మాట అడిగే వీలుంటే చెప్పేసేది. మూత తీయనివ్వని పోపుల డబ్బా ముందు నిలబడి, ఇందులో ఆవాలున్నాయా, మెంతులున్నాయా అని గింజకొకసారి అడుగుతున్నాం మేము.

ఆ సాయంత్రమే మూడో పనిని తిరిగి పెట్టాలని అర్జీ రాశాను. విశ్వపతి గారు చదివి, “పరిశీలనకు ఉపసంఘం వేశాను,” అన్నారు.

“ఉపసంఘంలో ఎవరెవరున్నారు సర్?”

“అది నామావళి కిందికి వస్తుంది. మీరు ఒక్కొక్క పేరే చెప్పండి. అవునో కాదో నేను చెబుతాను.”

నాకు తెలిసిన ఉద్యోగుల పేర్లన్నీ చెప్పాను. ఒక్కటీ కాదన్నారు. ఉపసంఘంలో ఎవరూ లేరేమోనని నా అనుమానం.

ఇంతలో జనం తెలివిమీరారు. మా ఆఫీసు ఎదుట టీకొట్టు పక్కన ‘కీ ఊహా శిక్షణా కేంద్రం’ వెలిసింది. గొడుగు బ్యాచీ పొద్దున, చెప్పుల బ్యాచీ సాయంత్రం. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన నిఘంటువు చంకన పెట్టుకుని వచ్చి, కౌంటరు దగ్గర ‘అ’ నుంచి మొదలుపెట్టాడు. ఆయన పోగొట్టుకున్నది మంచినీళ్ల సీసా. అంగవస్త్రం అన్నాడు, అది వచ్చింది. అద్దం అన్నాడు, అదీ వచ్చింది. పేరు చెప్పినవాడే యజమాని గనక ఎవరూ కాదనడానికి లేదు. ‘క’ దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఆటో మాట్లాడుకున్నాడు.

దాంతో విశ్వపతి గారు నిబంధన బిగించారు. మనిషికి రోజుకు మూడే ఊహలు. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. మరో మీటింగు పెట్టారు.

“‘లేదు’ అని మనం చెప్పినప్పుడల్లా లోపల ఏది లేదో బయటివానికి తెలిసిపోతున్నది. ఏది లేదో తెలిసినవాడు కాలక్రమేణ ఏది ఉన్నదో తెలుసుకొనును. ఇది అత్యంత ఆందోళనకరం. కనుక ఉన్నా, లేకపోయినా ఒకటే జవాబు ఇవ్వవలెను.”

“ఏమని సర్?” అన్నారు హైమావతి గారు.

“చూద్దాం, అని.”

ఆ రోజు నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా కౌంటర్లో ‘చూద్దాం’ అన్నారు. వస్తువు నిజంగా ఉంటే మధ్యాహ్నం తర్వాత పిలిచేవారు. ఈ మార్పు వచ్చినట్టు జనంలో ఎవరూ గమనించలేదు. అన్ని ఆఫీసుల్లోనూ వాళ్లు వింటున్నది అదే.

ఉద్దండు సాయిబు గారు రోజూ పొద్దున్నే వచ్చేవారు. మూడు పేర్లు చెప్పేవారు. మూడు ‘చూద్దాం’లు పుచ్చుకునేవారు. మధ్యాహ్నం దాకా కూర్చుని, ఎవరూ పిలవకపోతే కండువా దులుపుకుని వెళ్లేవారు. చెక్క గొట్టం, నల్ల కర్ర, పొడుగు సంచి, కుట్టిన సంచి, అన్నీ అయిపోయాయి. ఒకరోజు గుండె రాయి చేసుకుని, ఎవరికీ వినపడకుండా కౌంటర్లోకి వంగి, “బూర,” అన్నారు. బయటికి వచ్చి నా మొహం చూడలేకపోయారు. అదీ కాలేదు.

నిబంధన అంతటితో ఆగినా బాగుండేది. కాంటీన్లోకి కూడా వచ్చింది.

మా కాంటీన్ సర్వరు నాంచారయ్య. ‘ఏమున్నాయి?’ అని అడిగితే చాలు, భుజం మీద తువ్వాలు సర్దుకుని, కళ్లు సగం మూసి, ఇడ్లీ వడ పూరీ ఉప్మా పెసరట్టు ఉప్మాపెసరట్టు రవ్వట్టు ఉల్లిరవ్వట్టు సాదా మసాలా నెయ్యికారం అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చివర్లో ఏది వినపడిందో అదే తెమ్మనడం తినేవాళ్ల అలవాటు. తినడం కంటే ఆ వినడం కోసమే కొందరు వచ్చేవాళ్లు. ఉత్తర్వు వచ్చాక నాంచారయ్య నోరు పడిపోయింది. వచ్చినవాడు పేరు చెప్పాలి, నాంచారయ్య ‘చూద్దాం’ అనాలి. ఒకరోజు వంటమాస్టరు ముచ్చటపడి పనసపొట్టు కూర చేశాడు. అది ఉందని ఎవరికీ తట్టలేదు, అడగలేదు, చెప్పడానికి వీల్లేదు. గంపెడు కూర సాయంత్రం గేదెల పాలైంది. నాంచారయ్య ఆ రోజు భోజనం చేయలేదు.

సాయిబు గారిని నేను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. పాపం ఆయనకు తెలియదు, కూర్చుంటూనే, “ఏమున్నయ్ నాయనా?” అన్నారు.

నాంచారయ్య అటూ ఇటూ చూశాడు. గొంతు కదిలింది. ఇడ్లీ దాకా వచ్చి ఆగిపోయింది.

“అట్టా అడగమాకండి సాయిబుగారూ. నోరూరుద్ది. నాకు,” అన్నాడు.

పెళ్లి ముందు రోజు, బుధవారం నాడు, మా విభాగంలో గోప్యతా వారోత్సవం పెట్టారు. లోపల ఏముందో ఎవరికీ తెలియని ఏకైక విభాగంగా మాకు రాష్ట్రస్థాయి గుర్తింపు రాబోతోందట. మంత్రిగారు వస్తున్నారు. సన్నాయి మేళంతో స్వాగతం పలకాలని విశ్వపతి గారి ఉత్తర్వు. మేళం కుదిర్చే పని నాంచారయ్యకు పడింది. అతనికి తెలిసిన విద్వాంసుడు ఒక్కరే.

ఉద్దండు సాయిబు గారు డోలు వాయించే ఆయన్ని వెంటబెట్టుకుని, చేతులూపుకుంటూ వచ్చారు.

“వాయిద్యమేదీ?” అన్నారు విశ్వపతి గారు.

“తమరికాడే ఉందయ్యా.”

“మా దగ్గరా? ఎచట?”

“అది తమరే చెప్పాల.”

విశ్వపతి గారికి విషయం బోధపడ్డానికి కొంచెం సేపు పట్టింది. గేటు బయట అప్పటికే జెండాలు కడుతున్నారు. ఆయన గబగబా కౌంటరు దగ్గరికి వెళ్లి, జీవితంలో మొదటిసారి అవతలివైపు నిలబడ్డారు.

“సుషిర వాద్య విశేషము,” అన్నారు.

హైమావతి గారు కొట్టి చూసి, “చూద్దాం సర్,” అన్నారు.

“కాష్ఠ నిర్మిత ధ్వని జనక యంత్రము.”

“చూద్దాం సర్.”

“హైమావతి గారూ, నేనమ్మా! నాకు కూడా చూద్దామేనా?”

“అదే మీ మూడో ఊహ అనుకుని కొట్టాను సర్. చూద్దాం. ఇక రేపు రండి.”

ఆవిడ మీద నాకు అంతవరకూ ఉన్న కోపం ఆ క్షణంలో పోయింది.

అంతలో మంత్రిగారి కారు వచ్చేసింది. డోలు ఒక్కటే మోగింది. సన్నాయి లేని డోలు చావుకో పెళ్లికో తెలియనట్టు ఉంటుంది. మంత్రిగారు ఒకసారి ఉలిక్కిపడి లోపలికి నడిచారు. గోడౌన్ తలుపులు తెరిచారు. నేల నుంచి కప్పు దాకా ఒకే రకం గోతాలు. విశ్వపతి గారు గోప్యత గురించి ఉపన్యాసం ఎత్తుకున్నారు. మంత్రిగారు కాసేపు తల ఊపి, ఒక గోతాన్ని వేలితో పొడిచి, లోకంలో ఏ మనిషైనా అడిగే ప్రశ్న అడిగారు.

“అది సరేనండీ. ఇంతకీ వీటిల్లో ఏమున్నాయి?”

హైమావతి గారి చెయ్యి అలవాటుగా మెమో పుస్తకం మీదికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

“తమ ప్రశ్న మహోన్నతమైనది,” అన్నారు విశ్వపతి గారు. “తమరు ఏదైనా ఒక పేరు సెలవిచ్చినచో...”

“నేనెందుకు సెలవివ్వాలయ్యా? సామాన్లు మీ దగ్గరుంటే! అసలు ఉన్నాయా? లేకపోతే అవతలికి దాటించేసి మూటల్లో ఊక కుక్కారా?”

విశ్వపతి గారు జేబులోంచి అలమరా తాళంచెవి తీసి, నా వైపు చూడకుండా నా చేతిలో పెట్టారు.

అలమరాలోంచి ప్రోగ్రాం తీసి, తీసేసిన మూడో పనిని తిరిగి పెట్టాను. మంత్రిగారికి కొబ్బరిబోండాం కొట్టేలోపల అయిపోయింది. తెర నిండా పేర్లు. చదవమంటే హైమావతి గారు రెండు చెవులూ మూసుకుని, ఉత్తర్వు ఉందన్నారు. విశ్వపతి గారు గోతాల వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు టీ ట్రేతో నిలబడి ఉన్న నాంచారయ్య కనపడ్డాడు. తెరను అతని వైపు తిప్పాను.

“నాంచారయ్యా, ఏమున్నాయి?”

అతను నా వైపు చూశాడు. మంత్రిగారి వైపు చూశాడు. ట్రే కింద పెట్టాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

“నల్లగొడుగు మరోనల్లగొడుగు ఆనల్లగొడుగుకాదింకోటి రోకలి క్యారియరు మూతలేనిక్యారియరు మూతమాత్రమే కట్టుడుపళ్లు పైవి కట్టుడుపళ్లు కిందివి వేరేవాళ్లవి ఎడమచెప్పు ఇదీ ఎడమచెప్పే మైసూర్‌పాకు మైసూర్‌పాకుగట్టిది చీపురు పెళ్లికొడుకు ఫోటో ఏమిటోతెలియనిది గంగాళం గుడ్డబొమ్మ...”

“ఆగు నాయనా, ఆగు!” అని గుంపులోంచి కేక. ఉద్దండు సాయిబు గారు ముందుకొచ్చారు. “ఫోటో తర్వాత ఏందన్నావ్?”

“ఏమిటో తెలియనిది.”

“అదే నాది అయి ఉంటది. మూతి కుట్టున్న సంచి గదా. ఆ పేర్లు పెట్టినోడెవరో మర్యాదస్తుడు. పరాయి సంచి విప్పకూడదనుకుని ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు.”

హైమావతి గారు చెవుల మీంచి చేతులు తీశారు. “అదెట్లా కుదురుతుంది? మీది ఏమిటో మీకు తెలుసంటున్నారు. ఇది ఏమిటో తెలియనిది. తెలిసినవాళ్లకు తెలియనిది ఎలా ఇస్తాం?”

“ఇచ్చెయ్యమ్మా తల్లీ,” అన్నారు మంత్రిగారు.

గోతాం విప్పారు. లోపల గుడ్డ సంచి, కుట్టిన మూతి. సాయిబు గారు పంటితో దారం తెంపి, సన్నాయిని బయటికి తీశారు. కండువాతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచారు. ఊదే పుల్లను నోట్లో తడిపి బిగించి, ఒక్కసారి ఊదారు. ముందు దుమ్ము వచ్చింది. మంత్రిగారు తుమ్మారు. రెండోసారి పాట వచ్చింది. నాకు రాగం పేరు తెలియదు. అడగాలని కూడా అనిపించలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కౌంటరు దగ్గరి జనం కూడా పేర్లు విని వచ్చి వాళ్ల వాళ్ల గొడుగులు, చెప్పులు, పళ్లు పట్టుకుపోయారు. పళ్ల దగ్గర మాత్రం చిన్న తగువు జరిగింది. మంత్రిగారు తృప్తిగా కారెక్కారు. ఏమిటో కూడా తెలియని వస్తువును ఇన్నాళ్లు భద్రంగా కాపాడినందుకు విశ్వపతి గారిని మెచ్చుకున్నారని మర్నాడు పేపర్లో వచ్చింది.

అదే రోజు గోడ మీద కొత్త కాగితం కూడా వచ్చింది. ‘మంత్రివర్యుల సందర్శనార్థము ఒక పర్యాయమునకు మాత్రమే సడలింపబడిన నిషేధము, సందర్శన ముగిసినందున, యథాపూర్వకముగా అమలుకు వచ్చినది.’ మూడో పనిని మళ్లీ తీయమన్నారు. తీశాను. అలమరాకు ఈసారి రెండు తాళాలు వేశారు. నాంచారయ్యకు మెమో ఇచ్చారు. దాన్ని అతను ఫ్రేము కట్టించుకుని కాంటీన్లో పెట్టుకున్నాడు.

తీసే పని అయ్యీ కాగానే సెలవు పెట్టి వినుకొండ బస్సెక్కాను. ముహూర్తానికి అందుకున్నాను. సాయిబు గారి సన్నాయికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. డీజే కావాలన్న పెళ్లికొడుకు కూడా తాళి కట్టడం మరిచిపోయి వింటుంటే పురోహితుడు మోచేత్తో పొడవాల్సి వచ్చింది. భోజనాల దగ్గర వడ్డించే ఆయన్ని, “ఏమున్నాయండీ?” అని గట్టిగా అడిగాను. ఆయన చెబుతుంటే చివరిదాకా విని, మళ్లీ ఒకసారి చెప్పమన్నాను.

బయలుదేరే ముందు సాయిబు గారికి చెప్పడానికి వెళ్లాను. ఆయన సన్నాయిని సంచిలో పెట్టి, సూదీ దారంతో మూతి కుడుతున్నారు. కొత్త సంచి. మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు పెయింటుతో రాయించి ఉన్నాయి.

“పేరు రాయించారా బాబాయ్? మంచి పని చేశారు,” అన్నాను.

“రాయించా నాయనా. మళ్లీ యాడన్నా బస్సులో మరిచిపోతే మీవోళ్లకాడ దొరకాల గదా,” అని సంచిని నా వైపు తిప్పారు.

‘ఏమిటో తెలియనిది’ అని ఉంది.